క్లెయిమ్ కొట్టేశారని ఊరుకోవద్దు

మార్కెట్ యార్డులో తేమ ఎక్కువుందని క్వింటాలుకు నాలుగు కిలోలు తరుగు తీస్తే మనం ఊరుకోం. కాంటా ఆపిస్తాం, తేమ మళ్లీ కొలిపిస్తాం, పదిమందిమి పోగై అధికారిని పిలిపిస్తాం. విత్తనం మొలవకపోతే ఖాళీ సంచి, బిల్లు పట్టుకుని డీలరు దుకాణం ముందు కూర్చుంటాం. కానీ ఆరోగ్య బీమా కంపెనీ నుంచి ఇంగ్లీషులో రెండు లైన్ల ఉత్తరం వస్తే మాత్రం "మన ఖర్మ ఇంతే" అనుకుని బీరువాలో పెట్టేస్తున్నాం. ఆ ఉత్తరం కోర్టు తీర్పు కాదు. డబ్బు కట్టాల్సినవాడు కట్టనని చెప్పిన మాట, అంతే. దానిమీద అడిగే హక్కు మనకుంది.

మా మండలంలో ఒక సభ్యుడి సంగతి చెబుతాం. కౌలుకు మిర్చి వేసే రైతు. 2022లో పంట రుణం రెన్యువల్‌కు వెళ్తే బ్యాంకులో ఆరోగ్య బీమా కూడా అంటగట్టారు. ఫారం నింపింది ఏజెంటు, సంతకం పెట్టింది రైతు. రెండేళ్లకు ఒక రాత్రి గుండె నొప్పి వచ్చింది. దగ్గరున్న ఆసుపత్రి ఆరోగ్యశ్రీ జాబితాలో లేదు. స్టెంటు వేశారు, బిల్లు 2 లక్షలు దాటింది. బీమా కంపెనీ పైసా ఇవ్వనంది. కారణం: "రోగికి ఐదేళ్లుగా బీపీ ఉంది, పాలసీ తీసుకునేటప్పుడు దాచాడు."

ఐదేళ్లు అన్న మాట ఎక్కడిది? ఆ రాత్రి కంగారులో ఉన్న ఆయన భార్యను డ్యూటీ డాక్టరు బీపీ ఎప్పటినుంచి అని అడిగాడు. "చాన్నాళ్ల నుంచే ఉంది సారూ" అందామె. ఆయన కేస్ షీట్‌లో ఐదేళ్లు అని రాసేశాడు. నిజానికి బీపీ బయటపడింది 2023లో, పాలసీ తీసుకున్న తర్వాత. అది పీహెచ్‌సీ వాళ్లిచ్చిన పుస్తకంలో తేదీతో సహా ఉంది. ఆశా కార్యకర్త రిజిస్టరులోనూ ఉంది. ఈ రెండూ జతచేసి, ఆసుపత్రి నుంచి సవరణ లేఖ తీసుకుని మేము కంపెనీకి రాయించాం. మళ్లీ అదే రెండు లైన్లు వచ్చాయి. అప్పుడు బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లాం. డబ్బు కట్టమని ఆదేశం వచ్చింది, కట్టారు.

గెలిచామని చంకలు గుద్దుకోవడానికి ఇది చెప్పడం లేదు. ఆసుపత్రి బిల్లుకు ఆయన నూటికి 2 రూపాయల వడ్డీకి 2 లక్షలు తెచ్చాడు. పది నెలల్లో వడ్డీయే 40 వేలు అయింది. ఆ వడ్డీ ఎవరిస్తారు? మొదటి ఉత్తరం రాగానే మా దగ్గరికి వచ్చి ఉంటే కొంతైనా తగ్గేది. నాలుగు నెలలు ఆయన ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడ్డాడు. తప్పు తనదే అనుకున్నాడు.

అందుకే మనందరం తెలుసుకోవాల్సిన దారి ఇది.

క్లెయిమ్ ఎందుకు కాదన్నారో, పాలసీలోని ఏ షరతు కింద కాదన్నారో కాగితం మీద ఇవ్వమనండి. ఫోనులో చెబితే ఒప్పుకోవద్దు. పాలసీ, ప్రపోజల్ ఫారం నకలు, కేస్ షీట్, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు దగ్గర పెట్టుకోండి. కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. రసీదు ఉంచుకోండి. ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబరుకు ఫోన్ చేసి గానీ ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

కంపెనీ నెలలోగా జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు మనకు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే కార్యాలయం. కంపెనీ చివరిగా కాదన్నాక ఏడాది దాటకూడదు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. ఆదేశం వచ్చాక కంపెనీ 30 రోజుల్లో అమలు చేయాలి. అక్కడ న్యాయం జరగలేదనుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అయితే ముందే కమిషన్‌లో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ తీసుకోరు. ఈ వరుస మరిచిపోవద్దు.

ఇంకో రెండు సంగతులు. 2024లో మారిన నిబంధనల ప్రకారం, మధ్యలో ఆగకుండా 60 నెలలు ప్రీమియం కట్టిన పాలసీలో జబ్బు దాచారనే కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదు. మోసం రుజువైతేనే కుదురుతుంది. అలాగే, మనం ముందే చెప్పిన జబ్బును చూసి పాలసీ ఇచ్చాక, అదే జబ్బు సాకుతో కాదనకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి ఉన్న జబ్బు చెప్పండి. బీపీ, షుగరు ఉంటే ఫారంలో రాయించండి. ప్రీమియం కాస్త పెరిగినా, వెయిటింగ్ ఉన్నా పర్వాలేదు. నిజంగా దాచిన కేసులో సంఘం కూడా పెద్దగా చేయగలిగింది ఉండదు. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టొద్దు. పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇవ్వవచ్చు. ఆ గడువులోనే చదువుకున్న పిల్లలతో ఫారం చదివించుకోండి.

బ్యాంకుల వాళ్లకూ ఒక మాట. పంట రుణానికి ఆరోగ్య బీమా షరతు కాదు. తీసుకోమని చెప్పేటప్పుడు ఫారంలో ప్రతి ప్రశ్నా రైతుకు తెలుగులో చదివి వినిపించాలి. తిరస్కరణ ఉత్తరాలు కూడా తెలుగులో రావాలి. ప్రీమియం అడిగేటప్పుడు తెలుగు వచ్చిన కంపెనీకి, క్లెయిమ్ కాదనేటప్పుడు ఇంగ్లీషే ఎందుకు వస్తుంది?

గ్రామ కమిటీలకు మా విన్నపం: మీ ఊళ్లో ఎవరి ఇంట్లో ఇలాంటి ఉత్తరం ఉన్నా, వచ్చే నెల సమావేశానికి పట్టుకురండి. కలిసి కూర్చుని చదువుదాం, కలిసి జవాబు రాద్దాం. తరుగు మీద కొట్లాడిన వాళ్లం, దీని మీదా కొట్లాడగలం.