ముంజేతి కంకణానికి అద్దం

సామెతలు భాషల సరిహద్దులను సులభంగా దాటుతాయి. "ముంజేతి కంకణానికి అద్దమెందుకు?" అని తెలుగువారంటే, "హాథ్ కంగన్ కో ఆర్సీ క్యా?" అని ఉర్దూ మాట్లాడేవారంటారు. కంటి ఎదుట ఉన్నదానికి వేరే నిదర్శనం అక్కరలేదని రెండింటి భావం. మన జంటనగరాల వర్తకం తరతరాలుగా ఈ సూత్రం మీదనే నడిచింది. 1806లో సికందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాదులో, జనరల్ బజారు బట్టల వర్తకుడు తానును విప్పి కొనేవారి చేతికిస్తాడు. చార్మినారు చెంత లాడ్ బజారులో గాజుల వర్తకుడు గాజు తొడిగి చూపుతాడు. కొనేవారు తాకి, తొడిగి, నచ్చకపోతే లేచిపోతారు. ఆ స్వేచ్ఛే వారి నమ్మకానికి మూలం.

నేడు చిన్న వర్తకులు కూడ వెబ్‌సైట్లు పెట్టుకొంటున్నారు. ఇది హర్షించదగినదే. కాని వాటిలో పెక్కింట నాలుగు ఛాయాచిత్రాలు, ఒక ధర, ఒక ఫోను నంబరు మాత్రమే కనిపిస్తాయి. ఛాయాచిత్రం అమ్మేవాడు చూపదలచినదానినే చూపుతుంది. కొనేవారి సందేహానికి బదులు చెప్పదు. "ఈ గాజు నా చేతికి పడుతుందా?" అన్నదే అసలు ప్రశ్న. ముంజేయి దూరమైనప్పుడు కంకణానికి అద్దం అవసరమే అవుతుంది. కొనుగోలుదారు తానే తిప్పి, కొలిచి, మార్చి చూసుకొనే 'డెమో'యే ఆ అద్దమని మా అభిప్రాయం.

పెద్ద సంస్థలు ఈ సంగతిని ముందే గ్రహించాయి. 2018లో హైదరాబాదున తన తొలి భారతీయ దుకాణం తెరచిన ఐకియా, అంతకు ముందటి ఏడే కుర్చీని, బల్లను ఫోను తెరపై మన గదిలోనే నిలిపి చూపే సాధనాన్ని వెలువరించింది. అది ధనవంతుల వ్యవహారమని మన వర్తకులు నిరుత్సాహపడనక్కరలేదు. ఒక ఉదాహరణ చూద్దాము. గాజుల కొలతలో 2-4 అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అనగా సుమారు 57 మిల్లీమీటర్లు. బ్యాంకు కార్డు వెడల్పు ఎక్కడైనా సుమారు 54 మిల్లీమీటర్లే. తెరపై కార్డును ఆనించి ప్రమాణం సరిచేసుకొని, పాత గాజును తెరమీద పెట్టి, లోపలి వలయం దానికి సరిపడేవరకు జరిపితే కొలత తేలిపోతుంది. దీనికి కావలసినది స్వల్పమైన ప్రోగ్రాము, కొంత శ్రద్ధ. పాత ఫోనులో, మందకొడి నెట్‌వర్కులో కూడ ఇది పనిచేస్తుంది.

అయితే అద్దం అబద్ధం చెప్పరాదు. తెరను బట్టి రంగు మారుతుంది. లక్క బరువు, పట్టు మెత్తదనం తెరకు అందవు. ఈ పరిమితులను డెమో పక్కనే స్పష్టంగా చెప్పాలి. మెరుగులు దిద్ది మోసగించే డెమో కంటె నిజాయితీగల ఛాయాచిత్రమే మేలు. సరిపడని గాజు తిరిగి వస్తే రవాణా ఖర్చుతోపాటు పేరు కూడ పోతుంది. పెద్ద సంస్థ ఆ నష్టాన్ని తట్టుకోగలదు. చిన్న దుకాణానికి పేరే మూలధనం.

2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. కాని ఆ గౌరవం కొలిమి ముందు కూర్చున్న పనివారి ఇంటికి చేరాలంటే గాజు దూరదేశపు చేతికి సరిగా అమరాలి. కంప్యూటరు విద్య నేర్చిన మన విద్యార్థులు ఏటా ప్రదర్శనకు పనికివచ్చే ప్రాజెక్టులెన్నో చేస్తున్నారు. వారిలో కొందరైనా ఒక్కొక్క దుకాణానికి వెళ్ళి, కొనేవారు పదే పదే అడిగే ప్రశ్న ఏదో విని, దానికి బదులు చెప్పే డెమోను తెలుగులో, ఉర్దూలో తయారుచేసి ఇవ్వాలని కోరుతున్నాము. రెండు భాషలు నేర్పే విద్యాలయానికి ఇంతకంటె తగిన సేవ వేరొకటి లేదని విశ్వసిస్తున్నాము.