తొలి స్విచ్ వేసే ముందు

ఈ వారం ఎండలు ముదరగానే పిట్లం, పెద్దకొడప్‌గల్, బిచ్కుంద ప్రాంతాల్లో కొత్త ఏసీల బిగింపు జోరందుకుంది. ఉదయం డబ్బా విప్పిన యంత్రం మధ్యాహ్నానికి గదిని చల్లబరిస్తే కొన్నవారు తృప్తిపడతారు, బిగించినవారు మరో ఇంటికి బయలుదేరతారు. ఈ తొందరలో ఎగిరిపోతున్నది మాత్రం పనిలోకెల్లా ముఖ్యమైన భాగం. తొలిసారి నడిపించే ముందు చేయవలసిన పరీక్షలను కొసరుగా చూసే ఈ అలవాటు క్షమించదగినది కాదు.

వేడిని గదిలోంచి బయటికి మోసుకుపోయే శీతలీకారకాన్ని, అంటే వాడుకలో గ్యాస్ అనేదాన్ని, కర్మాగారంలోనే ఔట్‌డోర్ యూనిట్‌లో నింపి వాల్వులు మూసి పంపుతారు గనుక, కొత్తగా కలిపిన రాగి పైపుల్లో మిగిలేవి గాలీ తేమా మాత్రమే. ముందుగా నైట్రోజన్ ఎక్కించి కీళ్ల వద్ద సబ్బునురుగుతో లీకులు చూడాలి. ఆపైన వాక్యూమ్ పంపుతో లోపలి ఒత్తిడిని 500 మైక్రాన్లకు, అంటే అర మిల్లీమీటరు పాదరసం స్థాయికి దించితే, తేమ ఏ మంటా లేకుండానే ఆవిరై బయటికి పోతుంది. వాల్వులు తెరవవలసింది ఆ తర్వాతే. పంపు మోయడం బరువని, కాస్త గ్యాస్ వదిలి గాలిని తరిమేస్తే చాలనుకునే చోట తేమ లోపలే ఉండిపోయి, కంప్రెసర్ నూనెతో చర్య జరిపి, పుట్టిన ఆమ్లం మోటారు చుట్టలను తినేస్తుంది. లీకుల పరీక్ష ఇప్పుడు మరింత అవసరం, ఎందుకంటే ఇప్పటి ఏసీల్లో విరివిగా వాడే ఆర్-32 గ్యాస్‌కు 50 డిగ్రీల వద్ద ఒత్తిడి 30 వాతావరణాలు దాటుతుంది, పాత ఆర్-22కు అది 20 లోపే. పైగా ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. నైట్రోజన్ దొరకలేదని వెల్డింగ్ ఆక్సిజన్ ఎక్కించడం మాత్రం నేరంతో సమానం, ఎందుకంటే ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ నూనెను తాకితే పేలుడు సంభవిస్తుంది.

శీతలీకరణను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో 12 మంది ప్రాణాలు తీసిన ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ దుర్ఘటన చూపింది. 2019 డిసెంబరులో ట్యాంకు పైపుల్లో చేసిన మార్పునూ, సాయంత్రమయ్యాక చల్లార్చే యంత్రాలను ఆపేసే పద్ధతినీ, పై పొరల వేడిని కొలిచే ఏర్పాటు లేకపోవడాన్నీ ప్రభుత్వ ఉన్నతస్థాయి కమిటీ తప్పుపట్టింది. లాక్‌డౌన్ తర్వాత తెరిచే కర్మాగారాలు తొలి వారాన్ని పరీక్షా కాలంగానే చూడాలని జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ చెప్పింది ఆ దుర్ఘటన జరిగిన రెండు రోజులకు. కర్మాగారానికి వారం అవసరమైనప్పుడు, ఇంటి ఏసీకి రెండు గంటలు కేటాయించలేకపోవడానికి సాకు లేదు.

అయితే పైపుల పరీక్ష ఎంత శ్రద్ధగా జరిగినా, ఎర్తింగ్ లేని ఇంట్లో యంత్రం ఆన్ చేయడం ప్రాణంతో చెలగాటమే. ఎర్తింగ్ అంటే యంత్రపు లోహపు తొడుగులోకి కరెంటు దిగినప్పుడు దాన్ని మనిషి ఒంటిగుండా కాక నేలలోకి మళ్లించే తీగ, కడ్డీ, గుంతల ఏర్పాటు. అది పనిచేయాలంటే కడ్డీ చుట్టూ మట్టి తడిగా ఉండాలి. రేగడి నేల వేసవిలో నెర్రెలిచ్చి కడ్డీని వదిలేస్తుంది, నిరోధం పెరుగుతుంది, అందుచేత ఏసీలు అత్యధికంగా బిగించే నెలల్లోనే ఎర్తింగ్ అత్యంత బలహీనంగా ఉంటుంది. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయడం, మీటరుతో నిరోధం కొలవడం, ఎర్త్ లీకేజీ బ్రేకర్ పెట్టడం బిగింపులో భాగం కావాలి. కొలత రాసిచ్చిన తర్వాతే కూలి చెల్లించే హక్కు కొన్నవారికి ఉండాలి.

గది చల్లదనం కోసం ఇంత అడగవలసి వస్తుండగా, పొలం మోటారు దగ్గర అడిగే నాథుడే లేడు. తెల్లవారుజామున తడి కాళ్లతో స్టార్టర్ డబ్బా మీద చేయి వేసి కరెంటు షాక్‌తో రైతులు చనిపోతున్న వార్తలు ప్రతి పంటకాలంలోనూ వస్తున్నాయి, ప్రతిసారీ ఆ మరణం విధి ఖాతాలోకి వెళ్తోంది. ఇనుప డబ్బాకు ఎర్త్ తీగ ఉందా లేదా చూడకుండా వ్యవసాయ కనెక్షన్ ఇవ్వరాదు, ఏటా వేసవి మొదట్లోనే ట్రాన్స్‌ఫార్మర్ల ఎర్త్ గుంతలకు నీళ్లు పోయించి, కొలిచి, ఆ అంకెను గ్రామ పంచాయతీ గోడ మీద రాయించాలి.