ఊరి చరిత్రకు కాలినడక

ఆగస్టు 22వ తేదీని చెన్నపట్టణమువారు తమ నగరము పుట్టినదినముగా పాటించుచున్నారు. 1639లో ఈస్టిండియా కంపెనీవారు దామెర్ల నాయకులవద్ద సముద్రపుటొడ్డున కొంత నేల పొందిన నాడది. నగరము పాతదే గాని ఉత్సవము క్రొత్తది. 2004లో కొందరు పత్రికారచయితలు పూనుకొని ఆరంభించిరి. ఇందు తోరణములకంటె, ఊరేగింపులకంటె నడకకే ప్రాధాన్యము. తెలిసినవారొకరు ముందు నడచుచు ఒక పాత ఇంటి యెదుటనో, ఒక గుడి మలుపులోనో నిలిచి చెప్పుదురు, తక్కినవారు విందురు. సాయంకాలమున ఉపన్యాసములు జరుగును. హైదరాబాదులో చార్మినారు చుట్టును ఇట్టి నడకలు జరుగుచున్నవి. లండనులోనైతే ప్రముఖులు నివసించిన యిండ్ల గోడలకు గుర్తుపలకలు బిగించు వాడుక 1867లోనే మొదలయినది.

చెన్నపట్టణపు వీథులలో తెలుగువారి చరిత్ర తక్కువ కాదు. 1937 నవంబరు 16వ తేదీన కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికను రాయలసీమ విద్యార్థి పరీక్షకొరకు కంఠస్థము చేయును. శ్రీబాగ్ అనునది మైలాపూరులోని కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి యింటి పేరని యెందరు విద్యార్థు లెరుగుదురు? ఏదో ఊరి పేరని తలచువారే పెక్కుమంది. చరిత్ర జరిగిన చోటు కంటబడనిచో తేదీ మాత్రమే మిగులును.

మహానగరములకు ఇది చెల్లునుగాని అనంతపురమువంటి కరవునేలలో చూచుటకేమున్నదని కొంద రుపాధ్యాయులే ప్రశ్నించుట కలదు. ఈ ప్రశ్న వింతయైనది. ఊరూర తిరిగి చరిత్ర నడుగు పద్ధతిని రెండువందల యేండ్లకు పూర్వమే ఈ సీమ చూచినది. కర్నల్ మెకంజీ కొలువులోనున్న కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యగారలు, వారివెంటనుండిన తెలుగు పండితులు దత్తమండలములలో కరణముల కవిలెలు తిరుగవేయించి, శాసనములకు నకళ్ళు తీసి, వృద్ధుల నోటిమాటను కాగితమున కెక్కించిరి. నేడు మనకున్న కైఫీయతు లట్లు పుట్టినవే. వారికి జీతమిచ్చినది పరాయివాడు, అడిగినది తెలుగువాడు, చెప్పినది పల్లెవాడు. ఈ మూడవవానిని మరచితిమి.

అనంతపురములో నడక ఆరంభింపవలసిన చోటు కచేరీ కాదు, కోట కాదు, చెరువుకట్ట. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు జిల్లాలో చరిత్ర యనగా మొదట నీటి చరిత్రయే. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డుకట్ట వేయించి చెరువు నిర్మించెననియు, దాని రెండు కొనల బుక్కరాయసముద్రము, అనంతసాగరము వెలసెననియు ఐతిహ్యము. పట్టణము, జిల్లా కూడ ఆ అనంతనామమునే ధరించినవి. ఆనాటివారు చెరువు నెట్లు కట్టిరో తెలియగోరువారు పొరుగు కడపజిల్లాలోని పోరుమామిళ్ళ శాసనమును చూడవలెను. 1369 నాటి ఆ శాసనము, బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించినది, మంచి చెరువునకు కావలసిన పండ్రెండంగములను, తగులగల ఆరు దోషములను పేర్కొనుటయే కాక, వేయిమంది కూలీలు, రాళ్ళు మోయుటకు నూరు బండ్లు రెండేండ్లు పనిచేసినట్లు లెక్క చెప్పుచున్నది. రాజుల యుద్ధములను వరుసగా వల్లించు పాఠ్యపుస్తకములలో ఈ నూరు బండ్లకు చోటు దొరకలేదు.

ఆ కట్టమీదనే ముసలమ్మ కథయు వినవలెను. చెరువు తెగబోవగా గ్రామమును కాపాడుటకై ఒక ఇంటి కోడలు తన ప్రాణము నర్పించెనను ఈ గాథ, బ్రౌనుదొర అనువదించి 1853లో ప్రకటించిన అనంతపుర చరిత్రలో కలదు. దానినే కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిదశలోనే ‘ముసలమ్మ మరణము’గా కావ్యము చేసిరి. ఆధునిక తెలుగు కవిత్వపు తొలి అడుగులలో అది యొకటని తరగతిలో బోధింతురు. తరగతిగదికి అనతిదూరమున నున్న ఆ కట్టపై పిల్లలను నిలుపువారు అరుదు. అచ్చట నిలిచిన బాలిక ఒక ప్రశ్న వేయక మానదు: చెరువు కట్టించిన మంత్రి కాదు, నీరు వాడుకొన్న కాపులు కారు, కోడలే ఏల చావవలెను? ఉపాధ్యాయుడు ఈ ప్రశ్నను త్యాగమను మాటతో కప్పిపుచ్చరాదు. నోటిమాటకు శాసనమునకుగల భేదమును, ఒక సమాజము తన భయమును ఎవరిపై మోపునో ఆ సంగతిని తెలుపుట కింతకంటె మంచి చోటు దొరకదు.

నడకకు పండితుడే వ్యాఖ్యాత కానక్కరలేదు. తూము ఎప్పుడెత్తవలెనో, మరవ పారిన యేడు ఆయకట్టులో ఎంత వరి పండినదో నీరుగంటి యింటివారు చెప్పినట్లు ఆచార్యులు చెప్పజాలరు. అయితే తొందర అవసరము. 1876–78 నాటి ధాతుకరవును చూచినవారు లేరు. 1952 కరవులో గంజికేంద్రముల యెదుట గిన్నె పట్టుకొని నిలిచిన పదేండ్ల పిల్లలు నేడు ఎనుబది దాటిన వృద్ధులు. వారి మాట వినుటకు మిగిలిన వ్యవధి చాల తక్కువ. పాఠశాలలు ఏటేట దూరపు తీర్థములకు బస్సులు కట్టించుకొని పోవుచున్నవి. దానికి పెట్టు ఖర్చులో పదవవంతు చాలును, ఒక యేడు మొదలు కడవరకు ఆదివారపు ఉదయములు ఊరి పెద్దల వాకిళ్ళలో గడుపుటకు.

2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లా రెండయినది. పెనుకొండ, లేపాక్షి, నొళంబుల హేమావతి శ్రీసత్యసాయి జిల్లాకు పోయినవి. గుత్తి, తాడిపత్రి అనంతపురమున నిలిచినవి. రెవెన్యూ సరిహద్దు చరిత్రకు సరిహద్దు కారాదు. గుత్తికి పోయినవారు కోటతో తృప్తిపడక తెల్లవారి శ్మశానమును కూడ చూడవలెను. అనంతపురము ముఖ్యస్థానముగా 1800 నుండి 1807 వరకు దత్తమండలముల నేలిన మన్రోదొర 1827లో పత్తికొండవద్ద కలరాతో మరణించినప్పుడు మొదట పూడ్చిన దచ్చటనే. 1831లో అస్థికలను మద్రాసుకు తరలించిరి.

ఒక హెచ్చరిక మాత్రము చేయవలసియున్నది. విన్నదెల్ల నమ్మి చెప్పిన నడక పుక్కిటిపురాణమగును. అనంతపురపు గడియారస్తంభము ఎత్తు 47 అడుగులనియు, వెడల్పు 15 అడుగులనియు, ముఖము లెనిమిదనియు, అది స్వాతంత్ర్యదినపు గుర్తనియు ప్రజలు ముచ్చటగా చెప్పుకొందురు. ముఖములను లెక్కించుటకు క్షణము చాలును, వెడల్పునకు కొలతాడు చాలును, ఎత్తునకు ఒక కఱ్ఱయు దాని నీడయు చాలును. సరూప త్రిభుజముల పాఠము చెప్పు గణితోపాధ్యాయుని కూడ ఆ ఉదయము వెంటబెట్టుకొని పోవలెను. వచ్చిన అంకె యేదైనను, కొలిచిన తేదీతో, కొలిచిన పిల్లల పేర్లతో వ్రాసి పాఠశాల గ్రంథాలయమున భద్రపరుపవలెను.