కిచెన్ రాలేదు, ఈఎంఐ ఆగలేదు

ప్రతి నెలా ఐదో తారీఖు పొద్దున్నే భూపాలపల్లి నుంచి మా బావ ఒక స్క్రీన్‌షాట్ పంపుతాడు. 14,500 రూపాయలు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్. కింద ఒక్క మాట కూడా రాయడు. నేను అందులో సగం ఫోన్‌పే చేస్తాను. సాయంత్రానికల్లా ఆ సగం మళ్లీ నా అకౌంట్లోకే వచ్చేస్తుంది. ఏడు నెలలుగా ఇదే తంతు.

అసలు సంగతి చెప్తాను. జనగామలో మా అమ్మానాన్నలు పాతికేళ్లు అద్దింట్లోనే గడిపారు. పోయినేడు సొంతిల్లు లేచింది. గోడలు, స్లాబు, టైల్స్ అన్నీ నాన్న చూసుకున్నారు. మాడ్యులర్ కిచెన్, వార్డ్‌రోబ్‌లు మాత్రం నా వంతు అన్నాను. హైదరాబాద్‌లో ఉండేది నేనే, ఆఫీసుకు పోయే దారిలోనే ఒక ఇంటీరియర్స్ కంపెనీ షోరూమ్. త్రీడీ డిజైన్ చూపించారు, 45 రోజులన్నారు, పదేళ్ల వారంటీ అన్నారు. మొత్తం 5,40,000. అందులో 60 శాతం, అంటే 3,24,000 ముందే కట్టాలి. ఆఫీసులో ఒక లైబ్రరీ వాడాలంటే దాని లైసెన్స్ మూడుసార్లు చదువుతాను. ఈ అగ్రిమెంట్ మాత్రం స్క్రోల్ చేసి సంతకం పెట్టేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. 'మీ వాళ్లెవరినైనా రిఫర్ చేస్తే మనిషికి పది వేలు తగ్గిస్తాం' అన్నారు. మా బావ సింగరేణిలో చేస్తాడు, భూపాలపల్లిలో అప్పుడే ఇల్లు కట్టుకుంటున్నాడు. ఆయన నంబర్ ఇచ్చాను. వరంగల్‌లో బీటెక్ చదివినప్పటి నా రూమ్మేట్‌ది మహబూబాబాద్. వాళ్ల నాన్నకు మిర్చి మంచి ధర పలికిన ఏడాది ఇంటికి పై అంతస్తు వేశారు. వాడి నంబర్ కూడా ఇచ్చాను. నా బిల్లులో ఇరవై వేలు తగ్గాయి. ఆ ఇరవై వేలు గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు.

ముగ్గురం కట్టిన దారులు వేరు. నేను బ్యాంకు నుంచి నేరుగా ఎన్ఈఎఫ్‌టీ చేశాను. దోస్తు క్రెడిట్ కార్డు గీకి 1,20,000 కట్టాడు. బావకి కంపెనీ వాళ్లే ఒక ఫైనాన్స్ కంపెనీతో మూడు లక్షల లోన్ ఇప్పించారు. ఆ డబ్బు ఆయన చేతికి రాలేదు, అటు నుంచి అటే కంపెనీకి పోయింది. ఎలా కట్టాం అన్నదే తర్వాత మా ముగ్గురి తలరాత అవుతుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

45 రోజులు 90 అయ్యాయి. జనగామకు ఒక్క చెక్క ముక్క కూడా రాలేదు. భూపాలపల్లిలో షట్టర్లు లేని ఉత్త ప్లై డబ్బాలు బిగించి పోయారు. వాట్సాప్ గ్రూప్‌లో డిజైనర్ 'లెఫ్ట్', ప్రాజెక్ట్ మేనేజర్ 'లెఫ్ట్'. ఒక శనివారం షోరూమ్‌కి వెళ్తే షట్టర్ దించి ఉంది. బయట నాలాంటి వాళ్లు ఇంకో పదిమంది ఉన్నారు, అందరి చేతుల్లో అవే త్రీడీ ప్రింట్లు.

మొదట 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్లు ఫిర్యాదును కంపెనీకి పంపి మాట్లాడతారు. బతికున్న కంపెనీతో ఇది చాలాసార్లు పనిచేస్తుంది, మనం మాత్రం మూతపడ్డ షట్టర్ మీద తలుపు కొడుతున్నాం. దాంతో వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. ఇది అనుకున్నంత కష్టం కాదు. 2019 చట్టం వచ్చాక కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే చోటే ఫిర్యాదు చేయొచ్చు. కట్టిన మొత్తం 50 లక్షల లోపయితే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల లోపయితే ఫీజే లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లో కూర్చునే ఫైల్ చేశాను. సమస్య మొదలైన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. కంపెనీ ఇంకా నడుస్తోంది, పని మాత్రం చేయడం లేదు అనుకుంటే మీరు పట్టుకోవాల్సిన మొదటి దారి ఇదే. ఆర్డర్ వచ్చాక కూడా డబ్బు కట్టకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు పడే సెక్షన్ ఉంది.

మా కేసు వరంగల్‌లో. రెండో వాయిదాకి లీవ్ పెట్టి వెళ్లాను. అవతలి లాయర్ వాదించలేదు, ఒక కాగితం ఇచ్చాడంతే. కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలుపెడుతూ హైదరాబాద్‌లోని ఎన్‌సీఎల్‌టీ, అంటే కంపెనీల వ్యవహారాలు చూసే ట్రిబ్యునల్, ఇచ్చిన ఆర్డర్ అది. 2016 దివాలా చట్టంలో 14వ సెక్షన్ కింద మారటోరియం. ఆ క్షణం నుంచి కంపెనీ మీద కొత్త కేసులు వేయకూడదు, పాతవి నడవకూడదు, ఇప్పటికే గెలిచిన ఆర్డర్‌ని కూడా అమలు చేయించుకోకూడదు. మా ఫైల్ పక్కకు పోయింది. బయట చెట్టు కింద కూర్చుని బావకి ఫోన్ చేశాను.

"అంటే పైసలు పోయినట్టేనా బామ్మర్దీ?"

"పోలేదు బావా. క్యూలో నిలబడాలట."

"ఎన్నో నంబర్ల?"

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది. దివాలా తీసిన కంపెనీకి అడ్వాన్స్ కట్టిన కస్టమర్ అంటే చట్టం కళ్లకు అప్పిచ్చినవాడు. ఇందులో రెండు రకాలు. బ్యాంకుల్లాంటి వాళ్లు ఫైనాన్షియల్ క్రెడిటార్స్. వాళ్లకు కంపెనీ భవిష్యత్తు తేల్చే కమిటీలో కుర్చీ, ఓటు ఉంటాయి. సరుకు, సేవల లెక్కలో బాకీ ఉన్నవాళ్లు ఆపరేషనల్ క్రెడిటార్స్. అడ్వాన్స్ కట్టి సరుకు రానివాళ్లు ఎటు వస్తారన్నది చాలాకాలం తేలలేదు. చెన్నై మెట్రో పనికి లైట్ ఫిటింగ్‌ల కోసం ఇచ్చిన 50 లక్షల అడ్వాన్స్ గొడవ సుప్రీంకోర్టు దాకా పోతే, 2022 ఫిబ్రవరిలో కోర్టు తేల్చింది: అలా కట్టినవాళ్లూ ఆపరేషనల్ క్రెడిటార్సే. అంటే నేను, బావ.

ఇందులో నాకు మింగుడుపడని ముక్క ఒకటుంది. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కి అడ్వాన్స్ కట్టినవాళ్లని 2018లోనే చట్టం మార్చి ఫైనాన్షియల్ క్రెడిటార్స్ చేశారు. 2019లో సుప్రీంకోర్టు దానికి సరే అంది. వాళ్లకు కమిటీలో చోటుంది. అదే ఫ్లాట్‌లో వంటగదికి కట్టిన డబ్బుకి ఆ హోదా లేదు. గోడ కొన్నవాడికి ఓటు, గోడకు బిగించే అలమారా కొన్నవాడికి లేదు. మా ఊరివైపు ఇప్పుడు ఇంటీరియర్స్‌కి అయిదారు లక్షలు పెట్టేవాళ్లు బోలెడు మంది, ఈ తేడా ఎంతమందికి తెలుసు?

ఇక క్యూ. కంపెనీని కొనేవాడు దొరక్కపోతే ఆస్తులు అమ్మేస్తారు. 53వ సెక్షన్ ప్రకారం వచ్చిన డబ్బులో ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత కార్మికుల బకాయిలు, తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, తర్వాత మిగతా ఉద్యోగుల జీతాలు, తర్వాత తాకట్టు లేని అప్పులు, తర్వాత ప్రభుత్వ బాకీలు. ఆ తర్వాత ఆరో మెట్టు మీద మనం. మన వెనక వాటాదారులు మాత్రమే ఉంటారు. పెళ్లి భోజనంలో ఆరో బంతికి కూర్చుంటే ఆకులో ఏం పడుతుందో మీకు తెలుసు.

ఇది మా ఒక్కరి గోల కాదు. 2023 మేలో గో ఫస్ట్ విమానాలు ఆగిపోయినప్పుడు టికెట్లు కొన్న ప్రయాణికులు కూడా క్లెయిములు పెట్టుకుని ఇదే వరుసలో నిలబడ్డారు. 2025 జనవరిలో ఆ కంపెనీని లిక్విడేషన్‌కి పంపేశారు. బైజూస్‌ని 2024 జులైలో దివాలా ప్రక్రియలోకి లాగింది ఎవరనుకున్నారు? క్రికెట్ బోర్డు. 158.9 కోట్ల స్పాన్సర్‌షిప్ బాకీ. హోదా మాత్రం మా బావదే, ఆపరేషనల్ క్రెడిటార్. కాకపోతే కంపెనీ మీద దివాలా పిటిషన్ వేయాలంటే బాకీ కనీసం కోటి ఉండాలి. 2020 మార్చి దాకా అది లక్షే. కోవిడ్ టైమ్‌లో కోటి చేశారు. కాబట్టి ఆ తలుపు మనం తెరవలేం, ఎవరో తెరిచాక లోపలికి దూరాలి.

దూరడానికి టైమ్ చాలా తక్కువ. ట్రిబ్యునల్ ఒక రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ని పెడుతుంది. ఆయన మూడు రోజుల్లో ప్రకటన ఇవ్వాలి. ఒక ఇంగ్లిష్ పేపర్లో, ఒక స్థానిక భాషా పేపర్లో, ఐబీబీఐ అనే దివాలా బోర్డు వెబ్‌సైట్‌లో. క్లెయిమ్ పెట్టడానికి గడువు ఆయన్ను నియమించిన రోజు నుంచి 14 రోజులు. వరంగల్‌లో నాకు కాగితం ఇచ్చే నాటికే తొమ్మిది రోజులు అయిపోయాయి. గడువు దాటినా ఆలస్యానికి కారణం చెప్పి 90 రోజుల దాకా పెట్టుకునే వీలుందట. కానీ అప్పటికే ఒకసారి ఆలస్యంగా మేలుకున్నవాడిని, ఇంకో రిస్క్ తీసుకోలేదు.

ఫారమ్-బి నింపాం. దానికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఈమెయిల్‌లో పంపొచ్చు. అగ్రిమెంట్, ఇన్‌వాయిస్, డబ్బు పోయినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, వాట్సాప్ చాట్ అన్నీ జత చేశాం. బావ అప్పుడు నైట్ షిఫ్ట్‌లో ఉన్నాడు. అక్క కాగితాలన్నీ ఫొటోలు తీసి పంపింది. ప్లై డబ్బాల ఫొటో కూడా పంపి, "ఇది గూడ పెట్టు తమ్మీ, చూడనీ" అంది. పెట్టాను. ఫారమ్‌లో దానికి కాలమ్ లేదు, అయినా పెట్టాను.

మానుకోట దోస్తు మాత్రం మా ఇద్దరి కంటే ముందే బయటపడ్డాడు. వాడికి చట్టం తెలిసి కాదు. షట్టర్ దించారని నేను చెప్పిన సాయంత్రమే బ్యాంకు యాప్‌లో ఆ ట్రాన్సాక్షన్ మీద డిస్‌ప్యూట్ నొక్కాడు. దీన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. సర్వీస్ అందలేదని చూపిస్తే కార్డు బ్యాంకు ఆ డబ్బును కంపెనీ తరఫు బ్యాంకు నుంచి వెనక్కి లాగుతుంది. కంపెనీ ఖాళీ అయినా ఆ బ్యాంకు ఉంటుంది కదా. వీసా, మాస్టర్‌కార్డ్ నిబంధనల్లో సరుకు అందాల్సిన తేదీ నుంచి మామూలుగా 120 రోజుల గడువు ఉంటుంది. అగ్రిమెంట్, 'ఇంకో వారం సార్' అన్న మెసేజ్‌లు అప్‌లోడ్ చేశాడు. రెండు నెలల్లో 1,20,000 తిరిగొచ్చింది. బ్రిటన్‌లో ఇది ఏకంగా చట్టంలోనే ఉంది. 1974 నాటి చట్టం 75వ సెక్షన్ ప్రకారం 100 పౌండ్లకు మించి 30 వేల పౌండ్ల దాకా ధర ఉన్న వస్తువును క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మినవాడితో పాటు కార్డు కంపెనీ కూడా బాధ్యత మోయాలి. 2023లో అక్కడ సేఫ్‌స్టైల్ అనే కిటికీల కంపెనీ కుప్పకూలితే కార్డుతో డిపాజిట్ కట్టినవాళ్లకు ఈ సెక్షనే దిక్కయింది. మనకు అలాంటి చట్టం లేదు, కార్డు నెట్‌వర్క్ నిబంధనే ఉంది. అయినా ఉన్నదాన్ని వాడుకోవాలి. నా ఎన్ఈఎఫ్‌టీకి ఆ దారి కూడా లేదు.

అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది బావ. ఆయన లోన్ ఒప్పందం ఫైనాన్స్ కంపెనీతో. కిచెన్ ఒప్పందం ఇంటీరియర్స్ కంపెనీతో. ఒకటి చచ్చిపోతే రెండోది చావదు. ఈఎంఐ ఆపేస్తే సిబిల్ స్కోర్ పడిపోతుంది, రికవరీ వాళ్లు ఫోన్ చేస్తారు. అందుకే కడుతున్నాడు. లేని షట్టర్లకి, లేని చిమ్నీకి, నెలకి 14,500.

పోలీస్ స్టేషన్ మాటేమిటని చాలామంది అడిగారు. వెళ్లొచ్చు. మారటోరియం కాపాడేది కంపెనీని, డైరెక్టర్లను కాదని 2021లో అంజలి రాఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ డైరెక్టర్ అయినంత మాత్రాన బాకీ వాళ్ల నెత్తిన పడదు. చీటింగ్ అనాలంటే డబ్బు తీసుకునే నాటికే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. అమీన్‌పూర్‌లో తక్కువ ధరకే ఫ్లాట్లు అంటూ ప్రీ-లాంచ్ పేరుతో డబ్బు వసూలు చేసిన సాహితీ ఇన్‌ఫ్రాటెక్ వ్యవహారంలో 2022 డిసెంబర్‌లో ఎండీని అరెస్టు చేశారు. అది మోసం కేసు. వ్యాపారం దెబ్బతిని మునగడం వేరు, ముంచడం వేరు. మా కంపెనీ ఏ రకమో నాకైతే ఇంకా తెలియదు. షోరూమ్ ముందు కలిసిన వాళ్లలో కొందరు ఫిర్యాదు చేశారు.

ఇప్పుడు ఎవరైనా ఇంటీరియర్స్ మాట ఎత్తితే ముందు నేను అడిగేది డిజైన్ గురించి కాదు. కంపెనీ పేరు ఎంసీఏ పోర్టల్లో కొట్టి చూశావా? ఆస్తుల మీద తాకట్టు అప్పులుంటే అక్కడ 'ఛార్జెస్' కింద కనిపిస్తాయి. అడ్వాన్స్ పది శాతం దాటుతోందా? మిగతాది సరుకు ఇంటికొచ్చాకే ఇస్తానన్నావా? మొదటి వాయిదా క్రెడిట్ కార్డుతోనేనా? అమ్మ అంటుంది, వీడు పెళ్లి సంబంధం చూసినట్టు చూస్తున్నాడని.

నా క్లెయిమ్‌లో 3,24,000 ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చింది. ఒప్పుకోవడం అంటే ఇవ్వడం కాదు, లిస్టులో పేరు ఎక్కడం. రిజల్యూషన్‌కి చట్టం పెట్టిన గరిష్ఠ గడువు 330 రోజులు, అది కూడా చాలా కేసుల్లో దాటిపోతుంటుంది. ఈలోపు జనగామలో మా వీధి చివర ఉండే వడ్లాయన కిచెన్ మొత్తం 2,10,000కి చేసి ఇచ్చాడు. అడ్వాన్స్ ఇరవై వేలు అడిగాడు, అదీ ప్లై కొనడానికి నాన్నను వెంట తీసుకుని షాపుకి పోయి మరీ. పోయిన ఆదివారం ఆయన్నే బండి మీద ఎక్కించుకుని భూపాలపల్లి వెళ్లాను, ఆ డబ్బాలకి షట్టర్లు కొలవడానికి. ఖర్చు నాది అన్నాను. అక్క ఏమీ అనలేదు, ఛాయ్ పెట్టింది. బావ టేపు రెండో కొస పట్టుకుని, "ఈసారి పైసలు వెనక్కి పంప తియ్" అన్నాడు.