వార్సా సంతబయలు: కొత్తగోడల పాతయిండ్లు

పోలండు రాజధానియగు వార్సాలో పాతపట్టణపు సంతబయలు చుట్టునున్న మేడలనుగూర్చి యొక మాట తఱచుగ వినుచున్నాము: “అవి పాతయిండ్లు కావు, పాతయిండ్ల వేషములు.” ఈ మాట చెప్పువారు గొప్ప రహస్యమును బయటపెట్టినట్లు సంతోషింతురు. ఆ సంతోషమున మేము పాలుగొనజాలము.

వారి పక్షముననున్న సంగతిని ముందుగ నొప్పుకొందుము. 1944 ఆగష్టు 1వ తేదీ మొదలు అక్టోబరు 2వ తేదీవఱకు సాగిన తిరుగుబాటు నణచుటలోను, ఆ పిమ్మటను, జర్మనుసేన యా నగరమును కూల్చెను. పురాతనభాగమున నూటికి 85 పాళ్లకు పైగ నాశమయ్యెను. ఉత్తరపు వైపున కొన్ని గోడలు మిగిలినవి. తక్కినవి యుద్ధానంతరము కట్టినవే; 1953 జూలై 22న సంతబయలును మరల ప్రజలకు తెఱచిరి.

అయినను, పాతదనగా నేది? సుమారు 90 మీటర్ల నిడివియు 73 మీటర్ల వెడల్పును గల యీ బయలు చుట్టునుండిన యిండ్లు 1607లో నగ్నికి ఆహుతి కాగా, వర్తకులు నాటి వాడుక ననుసరించి కొత్త ముఖములతో కట్టుకొనిరి. నడుమనుండిన పురమందిరమును 1817లో పడగొట్టిరి. 1928లో చిత్రకారులు గోడలకు రంగుబొమ్మలు వ్రాసిరి. వీనిలో నే సంవత్సరమును చూపి ‘ఇదియే నిజమైన యిల్లు’ అందురో మాకు తెలియదు.

ముఖములను పొగడువారు లోపలి బ్రదుకును తలచిరా? వీధివైపు మూడు కిటికీల వెడల్పు. వెనుకకు మాత్రము చాల పొడుగు. నేలమాళిగలో సరకు, దానిపై అంగడి, మీదియంతస్తులలో కాపురము. ఇరుప్రక్కల పొరుగువారి గోడలే యగుటచే నడిమిగదికి వెలుతురు లేదు. మెట్లకైనను వెలుతురు దొరకవలెనని యింటికప్పుపై కిటికీల గూడు కట్టుకొనిరి. అది వారి తెలివి. కాని కలిగినవారు పందొమ్మిదవ శతాబ్దమున కొత్తపేటలకు తరలిపోగా, బీదలు వచ్చి క్రిక్కిఱిసి కాపురముండిరి. పెరళ్లనిండ వెనుకకట్టడములు లేచి గాలిని కూడ అడ్డగించెను. అట్టి చీకటిలో చంటిబిడ్డను చంకనిడుకొని వంటచేసిన యిల్లాలికి ‘ఈ గోడలు పురాతనములు, ముట్టరాదు’ అని చెప్పగలమా?

యుద్ధమునకు ముందు వార్సా పాలిటెక్నికులో ఆచార్య ఆస్కార్ సోస్నోవ్‌స్కీ తన విద్యార్థులచే పాతకట్టడములను కొలిపించి పటములు గీయించెను. 1939 ముట్టడిలో ఆయన ప్రాణము కోల్పోయెను. శత్రువుల యేలుబడిలో తక్కినవా రా పటములను కాపాడి దాచిరి. వేషము కట్టదలచినవాడు ప్రాణమునకు తెగించి కొలతలను దాచునా? 1945 ఫిబ్రవరిలో రాజధాని పునర్నిర్మాణ కార్యాలయ మేర్పడగా, యాన్ జఖ్వాటోవిచ్ మున్నగు వాస్తుశిల్పు లా పటముల యాధారమున ముఖములను నిలిపిరి. వెనుకకట్టడములను మాత్రము తిరిగి కట్టక పెరళ్లను గాలికి విడిచిరి. లోపల నేటి కాపురమునకు తగిన గదుల నమర్చిరి. 1980లో యునెస్కో యీ పాతపట్టణమును ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చినది.

మన పట్టణములలో మండువాలోగిళ్లనుగూర్చి కలహించు రెండు పక్షములవారికిని ఈ ముచ్చట వినిపింపవలెనని మా కోరిక. ఒకరు అంతయు పడగొట్టి యంతస్తులు లేపుదమందురు. రెండవవారు పొగ పోవు దారిలేని వంటిల్లును సయితము పెద్దలనాటిదని ముట్టనీయరు. వారు మాత్ర మా వంటింట గడియసేపైనను కూర్చుండరు. మండువా స్తంభములను నిలిపి వంటింటికి కిటికీ పెట్టినచో పితరుల కేమి యపచారము?

వార్సావారి పనిలో మేము తప్పుపట్టునది వేఱొకటి కలదు. 1945 అక్టోబరు 26 నాటి శాసనముతో నగరములోని నేలయంతయు పురపాలనాధికారుల వశమయ్యెను. ఇండ్ల ముఖములను అంగుళము తప్పక నిలిపినవారు యజమానుల హక్కులను నిలుపలేదు; వారి వారసుల వ్యాజ్యములు దశాబ్దములతరబడి న్యాయస్థానములలో నడచినవి. గోడల వయస్సు లెక్కించు ఆక్షేపకులు ఈ ప్రశ్న వేసియుండినయెడల మేమును వారితో గొంతు కలుపుదుము.