పొయ్యి దగ్గరి పరిశోధన

పెరూ దేశంలో టిటికాకా సరస్సు ఒడ్డున, సుమారు 3,800 మీటర్ల ఎత్తున పూనో పట్టణం ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో వంటచెరకు అంటే ఎండిన పేడే. పిడకల పొగకు కళ్లు నులుముకుంటూ పెరిగిన మనలో చాలామందికి ఆ వంటిల్లు కొత్తగా అనిపించదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఊపిరితిత్తుల వైద్యుడు విలియం చెక్లీ ఏళ్ల తరబడి పరిశోధిస్తున్నది ఆ పొగ గురించే.

ఆయనా, సహచరులూ పూనో ప్రాంతంలో 180 మంది మహిళలను ఎంచుకుని, సగం మందికి ఏడాదిపాటు గ్యాస్ పొయ్యి, సిలిండర్లు ఉచితంగా ఇచ్చారు. వంటింట్లో పొగ బాగా తగ్గింది. రక్తపోటులో, ఊపిరితిత్తుల పనితీరులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తర్వాత గ్వాటెమాలా, పెరూ, రువాండాలతో పాటు మన పొరుగు తమిళనాడులోనూ 3,200 మంది గర్భిణులతో మరింత పెద్ద అధ్యయనం సాగింది. దాని సారథుల్లో ఆయనొకరు. అక్కడా పుట్టిన బిడ్డల బరువు పెద్దగా పెరగలేదు.

ఆశించిన జవాబు రాకపోయినా ఉన్నదున్నట్టు ప్రకటించారు. ఆయన ప్రయాణంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఇదే. అంతమాత్రాన పొగ హాని చేయదని కాదు. దశాబ్దాలుగా పీల్చిన పొగ చేసిన చేటు ఏడాదిలో పోతుందా? పక్కింటి పొయ్యి, వీధిలో చెత్త మంట మాటేమిటి?

ఈ సంచికను దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులకు కేటాయించాం. కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపిన మీ అమ్మో, అమ్మమ్మో ఆయాసపడుతుంటే, వయసు మీద పడిందని ఊరుకోకండి. ఒకసారి ఊపిరితిత్తుల పరీక్ష చేయించండి.