గోడకన్న ముందు మాట

మన నగరమున ఇరుగుపొరుగుల నడుమ పుట్టు తగవులలో పెక్కింటికి మూలము పెరటి సరిహద్దు కంచె. ఒకరు కంచె నానుకొని కారు షెడ్డు వేయుదురు. మరియొకరు పనివారికి గది కట్టుదురు. వేరొకరు పాత రాతిబండల కంచెను పెరికి ఇటుకగోడ లేపుదురు. పని సాగినంతకాలము ఇరువైపులవారును మౌనము వహింతురు. గోడ లేచిన పిమ్మట మాటలాడుదురు. అప్పటికి ఆ మాటలు వినదగినవిగా నుండవు. ఈ తగవులు మన తెలుగు కుటుంబములనుగూడ విడువలేదు గావున ఈ వారము ఈ విషయమును ప్రస్తావించుచున్నాము.

1898లో ప్లేగు వ్యాధి బెంగుళూరు పాతపేటలను పీడించిన పిదప బసవనగుడి, మల్లేశ్వరము ఎక్స్‌టెన్షన్లు రూపొందినవి. ఇండ్ల నడుమ గాలికిని వెలుతురుకును చోటు విడువవలెనన్నది ఇరుకు వాసముల కష్టము నేర్పిన పాఠము. కాలక్రమమున పెద్ద తోటలు ముక్కలైనవి. తండ్రి కట్టిన యింటిని అన్నదమ్ములు పంచుకొనగా ఒకే పెరటిలో క్రొత్త సరిహద్దులు వెలసినవి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల స్థలము 1200 చదరపు అడుగులు. పొడవునా ఒక్క అడుగు జరిగినచో 40 చదరపు అడుగులు, అనగా స్థలమున ముప్పదవ వంతు పోవును. కావున “ఒక్క అడుగేగదా” యనుట న్యాయము కాదు. రెండంగుళముల కొఱకు ఏండ్ల తరబడి కోర్టుల చుట్టు తిరుగుటయు వివేకము కాదు.

ఈ విషయమున చట్టము చెప్పునది కొంత యెఱిగియుండుట మేలు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము ప్రకారము పొరుగు నేలకు మన నేల సహజముగా నిచ్చు ఆనికను త్రవ్వి తీసివేయరాదు. ఒక కట్టడము 20 సంవత్సరములు అడ్డులేక హక్కుగా పొందిన గాలివెలుతురులకు ఆ చట్టమే రక్షణ కల్పించుచున్నది. ఇంటి చుట్టు విడువవలసిన ఖాళీ ఎంతయో మంజూరైన ప్లానులో నుండును. కట్టివేసిన పిమ్మట రుసుము చెల్లించి సక్రమము చేసికొనవచ్చునను ఆశ పెట్టుకొనరాదు. అట్టి అక్రమ-సక్రమ పథకమును 2017 జనవరిలో సుప్రీంకోర్టు నిలిపివేసినది. కాలము గడచినంత మాత్రమున, ధనము వెచ్చించినంత మాత్రమున అక్రమ కట్టడము సక్రమము కాజాలదని 2024 డిసెంబరులో ఆ కోర్టే స్పష్టపఱచినది.

మంచిపని కూడ తగవు తేగలదు. 2009 నుండి మన నగరమున వాననీటి సేకరణ తప్పనిసరియైనది. అందులకై త్రవ్వు ఇంకుడుగుంతను కంచె మొదటనే త్రవ్వినచో ఆ తేమ పొరుగింటి పునాదికి చేరవచ్చును. గుంత కొంత లోపలికి జరిగిన నీరును నిలుచును, స్నేహమును నిలుచును.

ముందుగా చెప్పినచో పొరుగువాడు లేనిపోని అడ్డు పెట్టునని కొందఱు భయపడుదురు. చెప్పుట యనగా అనుమతి వేడుట కాదు, ప్లాను చూపుట. చూపుటకు వీలులేని ప్లానైనచో లోపము పొరుగువానియందు లేదు. వర్తకమున సరకు దిగకముందే తూకము వేసికొందుము. నోటిమాటపై లెక్క విడువము. సరిహద్దు విషయమునను అంతే. పాత పత్రములు తీసి, సర్వేయరును పిలిచి, ఇరువురి యెదుట కొలిపించి, ఆ కొలతను కాగితముపై వ్రాసి ఇరువురును చేవ్రాలు చేయవలెను. అభ్యంతరము గలవారును పునాది నాడే తెలుపవలెను. కప్పు పడువఱకు ఊరకుండి అటుపై కేక వేయుట తమ పక్షమును తామే బలహీనపఱచుకొనుట.

తరతరములుగా ఇచట నెలకొన్న మనకు మరియొక బాధ్యత కలదు. మన గోడకు ఆవల కన్నడిగులో, తమిళులో, ఉర్దూ మాటలాడువారో ఉందురు. గోడ తగవు భాషల తగవుగా మాఱుటకు ఒక్క పరుష వాక్యము చాలును. అంగుళపు లెక్కలోనికి జాతి పేరు లాగువాడు మనవాడైనను, పరుడైనను, అందఱికిని హాని చేయువాడే. కల్యాణమున చాళుక్యుల కొలువులో విజ్ఞానేశ్వరుడు రచించిన యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్యను 13వ శతాబ్దమున కేతన తెనిగించెను. కన్నడదేశమున వెలసిన న్యాయగ్రంథము మనకు తెలుగున లభించినది. సరిహద్దు వివాదములందు చుట్టుప్రక్కలవారిని, వృద్ధులను విచారింపవలెనని ఆ స్మృతి విధించుచున్నది. సర్వేయరు వచ్చినను, వృద్ధుల మాటకు నేటికిని విలువ కలదు.

పెద్దల మాటయు ఫలింపనిచో మార్గములున్నవి. 2025 సెప్టెంబరు నుండి బృహత్ బెంగుళూరు మహానగర పాలికె స్థానమున ఐదు నగర పాలికలు వెలసినవి. ప్లాను మీఱిన కట్టడముపై ఫిర్యాదు మన ప్రాంతపు పాలికకు చేయవలెను. కోర్టుకెక్కిన వ్యాజ్యములను సామరస్యముగా తీర్చుటకు 2007 నుండి బెంగుళూరు మధ్యవర్తిత్వ కేంద్రము పనిచేయుచున్నది. లోక్ అదాలతు తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు.

వీని కన్నింటికిని ముందు మన సంఘము చేయదగిన పని యొకటి కలదు. కట్టడపు పని తెలిసినవారొకరు, న్యాయవాది యొకరు, ఇరుపక్షములకును నచ్చిన పెద్ద యొకరు గల చిన్న సమితిని ఏర్పఱచి, పిలిచిన యింటికి రుసుము లేక పోయి కొలతలు చూచి సలహా చెప్పించవలెను. పొరుగువాడు అన్యభాషీయుడైనచో ఆయన కోరిన పెద్దయు అందు కూర్చుండవలెను. వచ్చు కార్యవర్గ సమావేశమున దీనిని చర్చింపవలెనని కోరుచున్నాము. అంతవఱకు పెరటిలో పలుగు వేయనెంచిన ప్రతి గృహస్థుడును, మేస్త్రీకి బయానా ఇచ్చుటకు ముందు, ప్రక్కింటి తలుపు తట్టుగాక.